గ్యాస్ నొప్పికి ఇన్సూరెన్స్

ఓడ టికెట్లు కొనడానికి మధుకర్‌కు పట్టింది పదకొండు నిమిషాలు. ఆ ఓడలో ఎవరికైనా ఏమైనా అయితే ఖర్చు ఎవరు భరించాలో తేల్చుకోవడానికి మాత్రం పద్దెనిమిది రోజులు కూడా చాలలేదు. చదువుకున్న ఇల్లు కదా, ఏ పనైనా పద్ధతి ప్రకారమే జరుగుతుంది.

ఇల్లంటే కొండాపూర్‌లో పద్నాలుగో అంతస్తు. మధుకర్ తల్లి రుక్కమ్మ పుట్టింది, పెళ్లయి వచ్చింది, జొన్నచేనుకు కావలి కాసింది అంతా ఆ చుట్టుపక్కలే. ఇప్పుడా చేను ఉన్నచోట అద్దాల బిల్డింగు లేచింది. దాని దగ్గర పిట్ట వాలకుండా చూడటానికి టోపీలు పెట్టుకున్న సెక్యూరిటీవాళ్లు నలుగురున్నారు. చేనుకు కావలి అక్కర్లేకపోయేసరికి, కొడుకూ కోడలూ ఆమెకు వేరే కావలి అప్పజెప్పారు. అదే, ఇల్లు.

ఆ ఇంట్లోంచి ఎన్ని ప్రయాణాలు బయల్దేరాయో రుక్కమ్మకు వారాలతో సహా గుర్తు. గోవా పోయినప్పుడు, బాత్రూంలో నల్లా కారుతోంది, ప్లంబర్ వస్తాడని ఆమెను ఉంచి పోయారు. కేరళ పోయినప్పుడు కొత్త ఫ్రిజ్ వచ్చే వారమది. దుబాయి పోయినప్పుడు బాల్కనీలో కోడలు పెట్టిన కొత్తిమీర మొలకెత్తింది, రోజూ నీళ్లు పోయాలి కదా. ఆఖరికి కాశీకి కూడా, కాశీకి, ఆమెను తీసుకుపోలేదు. ఆ మూడు రోజుల్లోనే ఇంటర్నెట్ వాళ్లు వచ్చి తీగ మార్చిపోతామన్నారట. విశ్వనాథుడు ఎక్కడికీ పోడు గానీ ఇంటర్నెట్ వాడు మళ్లీ దొరకడు.

మరి ఈసారి తీసుకుపోతామన్నారంటే ఏదో ప్రేమ ముంచుకొచ్చిందని అనుకోవద్దు. సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం. గదికి నలుగురు. మధుకర్, భార్య వాసంతి, కూతురు యశస్విని కలిసి ముగ్గురే. నాలుగో మనిషికి సగం ధర అని ఓడ కంపెనీ రాసింది. సగం ధరకు వస్తున్న మంచాన్ని వదులుకోవడానికి వాసంతికి మనసొప్పలేదు. అలా రుక్కమ్మకు సముద్రయోగం పట్టింది.

ఏ లెక్కన పట్టినా పట్టింది కదా. రుక్కమ్మ ఆ రోజు నుంచీ నేల మీద నడవడం మానేసింది. అరవై ఏడేళ్లలో ఆమె చూసిన పెద్ద నీళ్లు గండిపేట చెరువు. కింద పార్కు బెంచీ మీద రోజూ కూర్చునే శారదమ్మ నిరుడు ఎండాకాలంలో ఓడెక్కి వచ్చింది. శారదమ్మది ప్రొద్దుటూరు, కొడుకుది ప్లాట్ల వ్యాపారం. అప్పటినుంచి ఆమె ఏ మాట మొదలుపెట్టినా “మా షిప్పులో” అనే మొదలవుతుంది. ఉప్మాలో ఉప్పు తక్కువైందన్నా సరే, “మా షిప్పులో ఉప్మా యాడ చేస్తారు రుక్కమ్మా, అంతా బ్రెడ్డే” అంటుంది. ఏడాది పాటు ఆ షిప్పు విని విని రుక్కమ్మ చెవులు ఉప్పెక్కాయి. ఇక ఊరికే వినేది లేదు, ఈసారి తానే ఎక్కుతుంది.

ఆ తర్వాత ఇన్సూరెన్స్ ఎక్కడ కొనాలనే ప్రశ్న వచ్చింది.

మధుకర్ ఐటీ కంపెనీలో డెలివరీ మేనేజర్. అంటే తానేమీ డెలివరీ చేయడు, చేసేవాళ్లు ఎందుకు చేయలేదో అడుగుతాడు. అటువంటి మనిషి ఊరికే ఒకచోట ఇన్సూరెన్స్ కొంటాడా? ల్యాప్‌టాప్‌లో పెద్ద పట్టిక వేశాడు. ఇరవై మూడు గడులు. సూట్‌కేసు ఆలస్యంగా వస్తే ఎంత, పాస్‌పోర్టు పోతే ఎంత, ఓడ ఏదైనా రేవులో ఆగకపోతే ఎంత, ఓడ మీద నుంచి హెలికాప్టర్‌లో తీసుకుపోవాల్సి వస్తే ఎంత, విమానం హైజాక్ అయితే గంటకు ఎంత. హైజాక్ గడిని పసుపు రంగుతో నింపాడు కూడా. ఆ పసుపు చూస్తే హైజాక్ అయితే బాగుండునని ఎవరికైనా ఆశ పుడుతుంది.

మొదట ఓడ కంపెనీ పేజీలోనే అడుగున ఒక చిన్న గడి ఉంది. అందులో టిక్కు పెడితే ఇన్సూరెన్స్ అయిపోతుంది.

“వద్దు,” అన్నాడు మధుకర్. “ఓడ అమ్మినోడి దగ్గర్నే కొంటే వాడు డబుల్ గుంజుతడు.” మిగతావాళ్లంతా పుణ్యానికి అమ్ముతున్నట్టు.

రెండోది వాసంతి క్రెడిట్ కార్డు. నల్లగా, బరువుగా ఉంటుంది. దానితో పాటు ఇన్సూరెన్స్ ఉచితమని ఆమె కంపెనీలో ఎవరో చెప్పారు. ఫోన్ చేస్తే అరగంట సేపు వీణ వాయించి, ఆ తర్వాత ఒకాయన మాట్లాడాడు. ఉచితమే. కాకపోతే విమాన ప్రమాదంలో చనిపోతేనే ఇస్తారు. అదీ కార్డు ఎవరి పేరున ఉందో వాళ్లకే.

“అంటే వాసంతి ఒక్కతి సచ్చిపోవాలె, అంతేనా?” అని రుక్కమ్మ వెల్లుల్లి ఒలుస్తూ అడిగింది. “గట్లయితే వద్దు బిడ్డా. నువ్వు లేకుంటే ఓడల మాకు ఇంగ్లీషెవరు మాట్లాడుతరు?”

మూడోది వెబ్‌సైట్. అన్ని కంపెనీల ధరలూ ఒకేచోట వరసగా చూపిస్తుంది, సంతలో కూరగాయల్లాగా. మధుకర్‌కు ప్రాణం లేచొచ్చింది. సోఫాలో కూర్చుని నలుగురి పేర్లూ, పుట్టిన తేదీలూ కొట్టాడు. చివరికి ఒక ప్రశ్న వచ్చింది. ప్రయాణం చేసేవారిలో ఎవరికైనా ఇంతకుముందు గుండె జబ్బు, షుగర్, బీపీ ఉన్నాయా? అవును. లేదు.

సోఫా మీద ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

ఆ చూపుల సంగతేమిటో చెప్పకపోతే కథ ముందుకు నడవదు. రెండేళ్ల కిందట, కార్తీక మాసంలో ఒక గురువారం, రుక్కమ్మ గోరుచిక్కుడు తుంచుతూ తుంచుతూ ఛాతీ పట్టుకుంది. దవాఖానకు తీసుకుపోతే గుండెలో ఒక స్టెంటు వేశారు. మూడు రోజుల్లో ఇంటికి పంపారు. అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా బంధువులతో. వాళ్ల వైపు దవాఖానలో ఒకరు పడ్డారంటే శంకరపల్లి నుంచి పటాన్‌చెరు దాకా ఉన్న చుట్టమల్లా యాపిల్ పండ్లతో, కొబ్బరి బోండాలతో దిగాల్సిందే. చూడటానికి రానివాడు ఎంత తప్పు చేసినట్టో, వాళ్లకు కబురు చెప్పనివాడు అంతకు రెండింతలు తప్పు చేసినట్టు. పెళ్లికి పిలవకపోయినా క్షమిస్తారు గానీ, దవాఖాన కబురు చెప్పకపోతే మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. అయితే ఆ వారం వాసంతి ఆఫీసులో ఏదో రిలీజ్ ఉండింది. వచ్చిన ప్రతివాళ్లకూ చాయ్ ఎవరు పెట్టాలి?

అందుకని మధుకర్ తీర్మానించాడు: “ఎవ్వరికీ చెప్పకుండ్రి. గ్యాస్ అని చెప్పుండ్రి.”

అప్పటినుంచి చుట్టాల్లో రుక్కమ్మ గ్యాస్ చాలా పేరు తెచ్చుకుంది. పెళ్లిళ్లలో ఆమె విస్తట్లో శనగపిండి పదార్థం పడకుండా ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెడతారు. మరిది ఓదెలు భార్య నెలనెలా వాము పొడి దంచి డబ్బాలో పంపుతుంది. రుక్కమ్మ ఆ పొడి మజ్జిగలో కలుపుకొని తాగి, గుండె మాత్రలు నాలుగు వేసుకుంటుంది.

ఇప్పుడు ఆ గ్యాస్ వచ్చి వెబ్‌సైట్ ముందు కూర్చుంది.

“లేదు అని కొట్టు డాడీ,” అంది యశస్విని. “వాళ్లకెట్ల తెలుస్తది?”

“ప్రయాణం ముందల రోగం మాట మాట్లాడొద్దు కూడా,” అంది వాసంతి. ఆమె ఎంబీఏ చదివింది, కానీ బయల్దేరేముందు ఒంటి తుమ్ము వినబడితే కూర్చుని మంచినీళ్లు తాగుతుంది. “ఎట్లున్నరు అని ఎవరన్నా అడిగితే మంచిగున్నం అంటం. గిదీ గంతే గదా.”

“ఊకె చూద్దాం, అవును కొడితే ఏమైతదో,” అని మధుకర్ కొట్టాడు. ధరలు గబగబా మారాయి. సగం కంపెనీలు తెర మీద నుంచి మాయమయ్యాయి. మిగిలినవాటి మీద ‘మా ప్రతినిధి మీతో మాట్లాడతారు’ అని వచ్చింది. మధుకర్ వెంటనే వెనక్కి తిప్పి ‘లేదు’ కొట్టాడు. మాయమైనవన్నీ పళ్లికిలిస్తూ మళ్లీ వచ్చాయి.

“లేదు అంటేనే అయితది. గిట్ల కాదంటే...” మధుకర్ గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తే తల్లికి వినబడదని అతనికి చిన్నప్పటినుంచీ నమ్మకం. “అమ్మ టికెట్ క్యాన్సిల్ చేసుడే బెటర్. పదో తారీఖు దాకా ఫుల్ రిఫండ్ ఉంది. ఆ నాలుగు దినాలు అమ్మను ప్రగతి నగర్‌ల చెల్లె దగ్గర ఉంచుదం.”

రుక్కమ్మ చేతిలో వెల్లుల్లి పాయ ఆగింది. అప్పటికి ఆరో తారీఖు. ఇంకా నాలుగు రోజులు. నిజం చెబితే ఓడ పోతుంది. అబద్ధం చెబితే ఓడ ఉంటుంది. ఆమె ఏమీ అనలేదు. వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చుంది. అనకపోవడం కూడా ఒక అబద్ధమేనని తెలియక కాదు. సముద్రం మీద మనసు అట్లా పడి ఉంది మరి.

వెబ్‌సైట్‌లో ఆ రోజే కొనేసేవాళ్లే. కానీ ధరలు చూడటానికి మధుకర్ తన ఫోన్ నంబర్ కొట్టాడు కదా, ప్రతినిధులు మేలుకున్నారు. మర్నాడు ఉదయం తొమ్మిది నుంచి ఫోన్లే ఫోన్లు. అమెరికావాళ్లతో మీటింగ్‌లో ఉంటే ఒకరు, లిఫ్టులో ఉంటే ఒకరు, బాత్రూంలో ఉంటే ఇద్దరు. “సర్, మీ ఫ్యామిలీ సేఫ్టీ మాకు ముఖ్యం సర్.” పదిహేడు ఫోన్ల తర్వాత మధుకర్‌కు తన ఫ్యామిలీ సేఫ్టీ మీదే విరక్తి పుట్టింది.

“గీ పరేషాన్ నాతోని కాదు,” అన్నాడు సాయంత్రం. “ఓదెలు చిన్నాయినకు చెప్తా. ఇంటికొచ్చి రాసుకపోతడు.”

పద్దెనిమిది రోజులు, ఇరవై మూడు గడులు, మూడు రకాల పోలికలు అయిన తర్వాత వాళ్లు లింగంపల్లిలో ఉన్న బాబాయి దగ్గరికి వచ్చారు. ఈ బుద్ధి మొదటి రోజే ఎందుకు పుట్టలేదో పట్టికలో రాయలేదు.

ఓదెలు ఆదివారం వస్తానన్నాడు, అంటే తొమ్మిదో తారీఖు. శనివారం సాయంత్రం రుక్కమ్మ పార్కుకు దిగింది. శారదమ్మ బెంచీ మీద పల్లీలు తింటోంది.

“శారదమ్మా, మీ ఓడల ఎవరికన్నా రోగమొస్తే ఏం చేస్తరు?”

శారదమ్మ ముఖం వెలిగిపోయింది. ఏడాదిగా ఓడ గురించి ఎవరూ తమంతట తాము ఆమెను అడగలేదు.

“మా షిప్పులో డాక్టరుండాడు మ్మా. ఊరికే కాదు, చెయ్యి పట్టుకుంటే బిల్లు. మా పక్క రూములో కోయంబత్తూరాయన ఒకాయన, రెండోనాడే రొమ్ము నొప్పి అన్నాడు. డాక్టరు దగ్గరికి తీసకపోయినారు, సూదులేసినారు, మిషన్లు పెట్టినారు. అంతా రూము లెక్కలో రాసేసినారు. తర్వాతి రేవులో దించి పెద్దాసుపత్రికి పంపినారు.”

“ఇన్సూరెన్స్ లేదా మరి?”

“ఎందుకు లేదు? ఫోన్లోనే చేసుకున్యారంట, రోగాలేం లేవని. ఆ కంపెనీవాళ్లు తక్కువోళ్లా? వాళ్ల ఊరి ఆసుపత్రి కాయితాలన్నీ తెమ్మన్యారు. ఐదేండ్ల కిందటి బీపీ మాత్రల చీటీ బయటపడింది. ఒక్క రూపాయి ఇస్తే ఒట్టు. ఆయన పెండ్లాం కాఫీ మిషను కాడ నిలబడుకోని ఒకటే ఏడుపు.”

“ఇప్పుడెట్లున్నడు ఆయన?”

“ఆయన గుండ్రాయి మాదిరి ఉండాడు. బిల్లు చూసినాక కొడుక్కే బాగలేదంట.”

రుక్కమ్మ ఇంకో పల్లీ గింజ తీసుకోలేదు. శారదమ్మ షిప్పులోని ఐస్‌క్రీం గురించి చెబుతూనే ఉంది. రుక్కమ్మకు మాత్రం ఆ కాఫీ మిషను దగ్గర తన కోడలు నిలబడినట్టు కనిపించింది. వాసంతి ఏడిస్తే ముక్కు ఎర్రబడుతుంది. పెళ్లయిన కొత్తలో పుట్టింటికి పంపనప్పుడు చూసింది. సగం ధరకు తెచ్చుకున్న అత్త కోసం ఆ పిల్ల ఫ్లాటు అమ్ముకోవాలా? పోనీ ఏమీ జరగకపోవచ్చు. నాలుగు రాత్రులే కదా. ఆ గురువారం కూడా గోరుచిక్కుడే కదా అనుకుంది.

ఆదివారం ఓదెలు వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇన్సూరెన్స్ ఏజెంటు. చుట్టాల్లో ఎవరి పాలసీ ఎప్పుడు పండుతుందో, ఎవరిది ఎప్పుడు ఆగిపోయిందో అడిగితే నిద్రలో చెబుతాడు. ఎవరింట్లోనూ అన్నం తినకుండా పాలసీ చేయడు. నాటుకోడి కూరతో రెండుసార్లు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుని, కాగితాలు డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. ఫోన్‌లో నింపొచ్చు కదా అని యశస్విని అంటే, “మొదలు కాయితం మీద రాస్తే చేతికి తెలుస్తది బిడ్డా” అన్నాడు.

మధుకర్‌ది రాశాడు, వాసంతిది రాశాడు, పిల్లది రాశాడు. రుక్కమ్మ కాగితం దగ్గరికి వచ్చాడు. పేరు, వయసు, నామినీ. ఆ తర్వాత జబ్బుల గడి.

“మా వదినెకేముందిరా, గ్యాస్ తప్ప!” అని పెద్దగా నవ్వి, పెన్నుతో ‘లేవు’ అని రాసి కింద గీత కూడా కొట్టాడు.

వాసంతి గిన్నెలు సర్దాలని లేచి వంటింట్లోకి పోయింది. అప్పటికే గిన్నెలన్నీ సర్ది ఉన్నాయి. మధుకర్ ఫ్యాన్ వైపు చూశాడు. మూడో నంబర్ మీద తిరుగుతోంది.

“ఓదెలూ, గది కొట్టెయ్యి,” అంది రుక్కమ్మ.

“ఏంది వదినె?”

“నువ్వు రాసింది కొట్టెయ్యి. గ్యాస్ కాదది. గుండెల స్టెంటేసిండ్రు. రెండేండ్లాయె. కార్తీక మాసం, గురువారం. నాలుగు గోలీలేసుకుంటున్న దినాం. గిగ్గో ఫైలు.”

సీరియల్ చూసే సోఫా కింద నుంచి దవాఖాన ఫైలు తీసి టేబుల్ మీద పెట్టింది. పొద్దుటే తీసి పెట్టుకుంది మరి.

ఓదెలు కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. ఫైలు తెరిచాడు, మూశాడు. అతని ముఖం మొదట పాలిపోయింది, ఆ తర్వాత ఎర్రబడింది.

“రెండేండ్లు,” అన్నాడు. “రెండేండ్లసంది మా ఇంటామె మోకాళ్ల నొప్పుల్తోని కూసోని వాము దంచుతున్నది.”

“తాగిన గదా. మంచిగనే ఉండె.”

“మంచిగుండెనా? నన్ను గింత పరాయోని చేస్తరా? నా అన్న రామన్న బతికుంటే గిట్ల చేస్తుండెనా? ఒక్క కొబ్బరి బోండం తెచ్చే నసీబు లేదా నాకు?”

“చిన్నాయినా, అది గట్ల కాదు...” మధుకర్ మొదలుపెట్టాడు.

“నువ్వు నోరు ముయ్యి. గ్యాస్ అని ఫోన్ల చెప్పింది నువ్వే. నేను జీలకర్ర నీళ్లు తాపమంటే, తాపుతున్నం చిన్నాయినా అన్నవు. యాది ఉన్నదా?”

మధుకర్‌కు యాది లేదు. రుక్కమ్మకు ఉంది, కానీ చెప్పలేదు. అప్పటికి సరిపోయినంత చెప్పేసింది.

ఓదెలు కాగితాలు సంచీలో కూరుకున్నాడు. తలుపు దాకా నడిచాడు. ఇక్కడ మధుకర్ ఆపకుండా ఉంటే బాగుండేది. కానీ మేనేజర్ కదా, పని ఆగిపోవడం చూడలేడు.

“చిన్నాయినా, కోపం తర్వాత చేద్దువు గానీ. ఇప్పుడు నువ్వు రాసినట్లనే ఉండనియ్యి. లేదని రాస్తే నీకేం పోతది?”

ఓదెలు వెనక్కి తిరిగాడు.

“నాకేం పోతదా? ఇను. రేపు ఆమెకు సముద్రంల ఏమన్నయితది. కంపెనీ పైసలియ్యది. ఆ వెబ్‌సైటోనికి ఏమైతది? ఫోన్ ఎత్తడు, అయిపాయె. వానికి మన ఇంట్ల పెండ్లి లేదు, పేరంటం లేదు, బోనాలు లేవు. నాకున్నయి. నేను సచ్చిందాక ప్రతి బంతిల నీకు ఎదురుంగ కూసోని తినాలె. ‘గీయనే రాసిండు’ అని నీ పెండ్లాం నా విస్తరి దిక్కు చూస్తనే ఉంటది. అన్నం దిగుతదా నాకు?”

రుక్కమ్మ లోపల ఒక లెక్క తేలిపోయింది. కొడుకు ఇరవై మూడు గడులు గీశాడు, ఎక్కడ కొనాలో తేలలేదు. అడిగితే ముఖం తప్పించుకోలేనివాడి దగ్గర కొనాలి. ఆ గడి ఒక్కటే గీయలేదు.

“కూసో ఓదెలూ,” అంది. “తిట్టేది కూసోని తిట్టు. రాసేది నిజం రాయి.”

ఓదెలు కూర్చున్నాడు. తిడుతూనే కొత్త కాగితం తీశాడు. తిడుతూనే రాశాడు. చివర్లో చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. వదినె పాలసీ ధర మిగతా ముగ్గురి ధర కలిపినంత అవుతుంది. గుండె డాక్టరు ‘ప్రయాణం చేయొచ్చు’ అని చీటీ రాయాలి. పాత జబ్బుకు మామూలుగా చూపించుకుంటే ఇవ్వరు. ప్రాణం మీదికొస్తేనే ఇస్తారు, అదీ ఒక హద్దు దాకానే.

“గింత చేస్తే గంతేనా?” అన్నాడు మధుకర్.

“గంతే. అంతకన్న ఎక్కువ ఇస్తమని ఎవడన్న చెప్తే వాడు నీతోని గ్యాస్ అని చెప్తున్నడనుకో.”

అది చెప్పి వెళ్లాడు. వెళ్తూ రుక్కమ్మ కాళ్లకు మాత్రం మొక్కాడు.

ఇల్లు చేరగానే ఓదెలు భార్యకు చెప్పాడు. భార్య చెల్లెలికి చెప్పింది. పదో తారీఖు సోమవారం ఉదయం ఏడున్నరకు కింద గేటు దగ్గరి సెక్యూరిటీవాడు ఇంటర్‌కామ్‌లో ఫోన్ చేశాడు: “మేడం, మీకు పదకొండు మంది విజిటర్స్.”

రెండేళ్ల కిందట రావాల్సినవాళ్లందరూ వచ్చారు. వడ్డీతో వచ్చారు. యాపిల్స్ వచ్చాయి, బత్తాయిలు వచ్చాయి, గ్లూకోజు బిస్కెట్లు వచ్చాయి, ఆటోలో కొబ్బరి బోండాల గెల వచ్చింది. రుక్కమ్మను బలవంతంగా మంచం మీద కూర్చోబెట్టి, మెత్తలు వీపు వెనక పెట్టారు. “ఇప్పుడెట్లుంది?” అని, నిన్ననే స్టెంటు వేసినట్టు మెల్లగా అడిగారు. మధుకర్‌ను ఒక్కొక్కరుగా తిట్టారు. వాసంతి ఆ రోజు ఆఫీసు మానేసి అరవై కప్పుల చాయ్ పెట్టింది. ఎప్పుడో ఎగ్గొట్టిన చాయ్ కదా, అంత తేలిగ్గా పోదు.

తిట్టడం అయ్యాక అసలు విషయానికి వచ్చారు.

“గుండె రోగంతోని ఓడ ఎక్కుతదా? మతి ఉండే మాట్లాడుతున్నరా?” అంది పటాన్‌చెరు నుంచి వచ్చిన ఆడబిడ్డ.

“నీళ్ల మీద గుండె ఆగమాగమైతదట,” అన్నాడొకాయన. ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు.

“ఇంట్ల కూసోని రామా కృష్ణా అనుకోవాలె గీ వయసుల,” అంది ఇంకొకామె. ఆమె వచ్చే నెల బ్యాంకాక్ పోతోంది.

పదకొండు మంది ఏకమై ఒక మాట చెబితే మధుకర్‌కు అది మీటింగ్‌లో తీర్మానంలా వినిపిస్తుంది. పైగా ఆ పాలసీ ధర కూడా మిగిలిపోతుంది. తల్లి మంచం పక్కన కూర్చుని, ఫోన్ చేతిలో పట్టుకుని మెత్తగా మొదలుపెట్టాడు.

“అమ్మా, అందరు వద్దంటున్నరు. వాళ్లు నీ మంచికే చెప్తున్నరు. రిఫండ్ ఇయ్యాల సాయంత్రం ఆరింటి దాకే ఉంది. చెల్లె కూడ రమ్మంటున్నది నిన్ను...”

రుక్కమ్మ వీపు వెనకనుంచి మెత్త తీసి పక్కన పెట్టింది. లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఓదెలుకు ఫోన్ చేసింది.

“మరిదీ, ఎంత కోపమున్నా సరే, ఆటో తీసుకోని గేటు కాడికి రా. డాక్టరు కాడికి పోవాలె.”

కోపంగానే వచ్చాడు ఓదెలు. దారంతా మాట్లాడలేదు. దవాఖానలో తానే చీటీ రాయించి, తానే వరసలో నిలబడ్డాడు. డాక్టరు రుక్కమ్మ గుండె మీద తీగలు పెట్టించాడు, నడిచే మిషను ఎక్కించాడు. చేను చుట్టూ నలభై ఏళ్లు తిరిగిన కాళ్లకు ఆ మిషను ఒక లెక్కా? నర్సు ఆపేసి, “చాలమ్మా, దిగండి” అనాల్సి వచ్చింది. డాక్టరు మాత్రలు మానొద్దన్నాడు, రెండు వారాలకు ఎక్కువే తీసుకుపొమ్మన్నాడు, పోవచ్చని రాసి సంతకం పెట్టాడు. ఓదెలు దాన్ని అక్కడే ఫోన్‌లో ఫోటో తీసి కంపెనీకి పంపించాడు. తర్వాత బయట ఒక బండి దగ్గర ఆగి, ఒక్కటే ఒక్క కొబ్బరి బోండం కొట్టించి, ఆమె చేతిలో పెట్టాడు. అప్పుడు మాట్లాడాడు.

“తాగు. బాకీ ఉన్నది.”

తాగింది. తీయగా ఉంది. ఇంట్లో గెల ఉన్నా సరే.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. కొత్తగా ఇంకో ఆరుగురు వచ్చి ఉన్నారు. మధుకర్ బాల్కనీలో నిలబడి ఫోన్ తెర మీద ‘క్యాన్సిల్’ గుర్తు చూస్తూ ఉన్నాడు. ఇంతలో ఓదెలు ఫోన్ మోగింది; పాలసీ వచ్చింది. ఓదెలు దాన్ని యశస్వినికి పంపాడు. యశస్విని ఇంట్లోని చిన్న మిషను మీద అచ్చు వేసి తెచ్చి ఇచ్చింది. రుక్కమ్మ వేలు పెట్టి తన పేరు వెతుక్కుంది. దాని కిందనే జబ్బు పేరు ఉంది. ఎంతవరకు ఇస్తారో అంకె ఉంది. గ్యాస్ అన్న మాట ఎక్కడా లేదు.

కాగితం తీసుకుని నేరుగా బాల్కనీలోకి పోయింది. చుట్టాలంతా చాయ్ కప్పులతో వెనక వెనకే వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు.

“మధూ, ఇది సదువు.”

అతను చదివాడు.

“నా పేరు రాసిండ్రా?”

“రాసిండ్రు.”

“నా రోగం రాసిండ్రా?”

“రాసిండ్రమ్మా.”

“డాక్టరు పొమ్మన్నడు. కంపెనీ పొమ్మన్నది. నా గుండె సంగతి అందరికంటె ఎక్కువ ఎరుకైనోళ్లే పొమ్మంటుంటే, ఇగ నిన్న మొన్న ఎరుకైనోళ్లు ఎందుకు వద్దంటున్నరు?” అని తలుపు వైపు చూసింది. ఆడబిడ్డ కప్పులోకి చూసుకుంది. “గోవకు పోయిండ్రు, నల్లా చూసిన. దుబాయి పోయిండ్రు, కొత్తిమీర చూసిన. కాశికి పోయిండ్రు, తీగ చూసిన. ఇయ్యాల నేను అబద్ధం చెప్తే ఓడ ఎక్కుతుంటి. నిజం చెప్పిన. నిజం చెప్పినందుకు ఇంట్ల కూసోవెడ్తవా కొడుకా?”

మధుకర్ తెర వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఏ పట్టికలోనూ ఈ గడి లేదు. చివరికి ఫోన్ బోర్లించి, బాల్కనీలోని కొత్తిమీర కుండీ పక్కన పెట్టాడు.

“సరే తియ్యి,” అన్నాడు. “పోదాం.”

చుట్టాలు కొంచెం నిరాశగా చాయ్ తాగడం మొదలుపెట్టారు. ఓదెలు మాత్రం ఎవరూ అడగకుండానే, ఓడలో ఏమైనా అయితే ముందు ఎవరికి ఫోన్ చేయాలో యశస్వినికి మూడుసార్లు చెప్పాడు. నాలుగోసారి తన నంబర్ కూడా రాసిచ్చాడు.

వాసంతి ఖాళీ కప్పులు పోగేస్తూ మెల్లగా అత్త దగ్గరికి వచ్చింది. ముక్కు కొంచెం ఎర్రబడింది, చాయ్ ఆవిరి వల్ల కావచ్చు.

“అత్తమ్మా, మనింట్ల మూడే సూట్‌కేసులున్నయి. నీకు ఎన్నడూ కొననే లేదు మనం. రేపు పోయి తెస్తా. ఏ రంగుది కావాలె?”

“రంగు నీ ఇష్టం బిడ్డా,” అంది రుక్కమ్మ. “చక్రాలు మాత్రం నాలుగుండాలె. నా పెట్టె నేనే గుంజుకుంట.”